యాక్సిస్2, సీఎక్స్‌ఎఫ్: టూల్ రాసిన కోడ్‌లో మన కోడ్ ఎక్కడుండాలి?

కరెంటు బిల్లు వివరాలిచ్చే వెబ్ సర్వీస్ ఒకటి అనుకుందాం. సర్వీస్ నంబరు తప్పనిసరిగా ఇవ్వాలి, ఫోన్ నంబరు ఇష్టమైతే ఇవ్వొచ్చు. ఈ షరతులన్నీ ఒక డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైల్లో రాసి ఉన్నాయి. ఆ ఫైలునే ఒకసారి అపాచీ యాక్సిస్2కి, ఒకసారి అపాచీ సీఎక్స్‌ఎఫ్‌కి ఇస్తే రెండూ జావా కోడ్ రాసిపెడతాయి. టూల్ పేరు కూడా రెండింట్లో ఒకటే, డబ్ల్యూఎస్‌డీఎల్2జావా. వచ్చిన కోడ్ మాత్రం రెండు వేర్వేరు బుర్రల్లోంచి పుట్టినట్టుంటుంది.

ఈ తేడాకు కారణం వాటి పుట్టుకలోనే ఉంది. యాక్సిస్2 పాత యాక్సిస్‌ను పక్కనబెట్టి మొదటినుంచీ కొత్తగా రాసినది, 1.0 వెర్షన్ 2006లో వచ్చింది. ఎక్స్ఎంఎల్‌ను అవసరమైనంత మేరకే చదివే ఆక్సియమ్ అనే సొంత మోడల్‌నూ, దాని మీద ఏడీబీ అనే సొంత డేటా బైండింగ్‌నూ తెచ్చుకుంది. సీఎక్స్‌ఎఫ్ అదే ఏడాది సెల్టిక్స్, ఎక్స్‌ఫైర్ ప్రాజెక్టుల కలయికతో మొదలైంది. అప్పటికే వెబ్ సర్వీసులకు జాక్స్-డబ్ల్యూఎస్, డేటా బైండింగ్‌కు జాక్స్‌బీ అనే జావా ప్రమాణాలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి వాటినే పునాది చేసుకుంది. యాక్సిస్2 కూడా తర్వాత జాక్స్-డబ్ల్యూఎస్‌ను చేర్చుకుంది గానీ, యాక్సిస్2ను వాడిన వాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది ఏడీబీ దారే.

ముందు డేటా క్లాసులు చూద్దాం. ఏడీబీ క్లాసు చూడటానికి భయం పుట్టిస్తుంది. రెండు ఫీల్డులున్న చిన్న రకానికి కూడా వందల లైన్లు వస్తాయి. ఎక్స్ఎంఎల్ రాసే పని, చదివే పని ఆ క్లాసులోనే ఉంటాయి. జాక్స్‌బీ క్లాసు అలా కాదు. ఆ ఫీల్డులు, వాటి మీద అనోటేషన్లు, గెట్టర్లు, సెట్టర్లు, అంతే. కళ్ళకు హాయిగా ఉంటుంది. అందుకే చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేసి సీఎక్స్‌ఎఫ్ వైపు వెళ్ళిపోతారు. నాకది తొందరపాటు అనిపిస్తుంది.

సర్వీస్ నంబరు పెట్టకుండా రిక్వెస్ట్ పంపి చూడండి. ఏడీబీ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఫలానా ఫీల్డు నల్ కాకూడదంటూ రెండు ఆశ్చర్యార్థకాలతో ఎక్సెప్షన్ విసురుతుంది. తప్పు మన మెషిన్ దాటి బయటికి పోదు. జాక్స్‌బీ ఏమీ అనదు. ఆ ఎలిమెంట్‌ను వదిలేసి మిగతాది పంపేస్తుంది. అవతలి సర్వర్ దాన్ని తిరస్కరిస్తే అదృష్టం. తిరస్కరించకుండా ఖాళీ నంబరుతో ఏదో ఒక జవాబిస్తే ఆ తప్పును వెతకడానికి రోజులు పడతాయి. సీఎక్స్‌ఎఫ్‌లో స్కీమా వ్యాలిడేషన్ ఆన్ చేస్తే ఈ కాపలా దొరుకుతుంది, కానీ ఆ సెట్టింగ్ మనమే పెట్టుకోవాలి. ఒప్పందంలో తప్పనిసరి అని రాసి ఉన్నదాన్ని అడగకుండానే పట్టించుకునే టూల్‌కే ఈ విషయంలో నా ఓటు.

ఫోన్ నంబరు సంగతి ఇంకా చిత్రం. స్కీమాలో అది లేకపోయినా సరే, నిల్ అయినా సరే అని రాసి ఉంటే జాక్స్‌బీ దాన్ని మామూలు స్ట్రింగ్‌గా ఇవ్వదు, జాక్స్‌బీఎలిమెంట్ అనే పొట్లంలో కట్టి ఇస్తుంది. విలువ పెట్టాలంటే ఆబ్జెక్ట్‌ఫ్యాక్టరీని పిలవాలి. 'లేదు', 'నిల్' అనే రెండు స్థితులనూ వేరుగా చూపాలి కాబట్టి ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ ఏడీబీ ఆ రెండింటినీ ఒక ట్రాకర్ ఫీల్డుతో లోపలే చూసుకుని మనకు మామూలు సెట్టరే ఇస్తుంది. జాక్స్‌బీలో ఈ పొట్లాలు వద్దనుకుంటే బైండింగ్ ఫైల్లో ఒక లైను రాసి ఆపొచ్చు. ఆపితే ఆ రెండు స్థితుల తేడా కూడా పోతుంది.

ఇంతవరకు చదివితే నేను యాక్సిస్2 పక్షమనుకుంటారు. కానీ అసలు పరీక్ష మొదటిసారి కోడ్ రాయించినప్పుడు ఉండదు, ఆరు నెలల తర్వాత డబ్ల్యూఎస్‌డీఎల్ మారి మళ్ళీ రాయించాల్సి వచ్చినప్పుడు ఉంటుంది.

సర్వర్ వైపు కోడ్ కావాలంటే యాక్సిస్2 ఒక స్కెలిటన్ క్లాసు ఇస్తుంది. ఒక్కో మెథడ్‌లో మీ బిజినెస్ లాజిక్ ఇక్కడ నింపండంటూ ఒక కామెంట్, దాని కింద ఇంకా అమలు చేయలేదనే ఎక్సెప్షన్ ఉంటాయి. ఆ కామెంట్ మాట విని అక్కడే రాయడం మొదలుపెడతాం. అంటే మన కోడ్ టూల్ పుట్టించిన ఫైల్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు బకాయిల వివరాలకు కొత్త ఆపరేషన్ వచ్చి పడిందనుకోండి. ఆ ఫైలును తిరగరాయమంటే మన లాజిక్ పోతుంది, వద్దంటే కొత్త మెథడ్ అందులోకి రాదు. ఇక పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టుకుని చేత్తో కలపాల్సిందే. దీనికి మందు యాక్సిస్2లోనే ఉంది. ఎస్‌ఎస్‌ఐ అనే ఆప్షన్ ఇస్తే స్కెలిటన్‌కు ఇంటర్‌ఫేస్ కూడా వస్తుంది. దాన్ని మన సొంత క్లాసులో అమలు చేసి, సర్వీసెస్ ఎక్స్ఎంఎల్‌లో ఆ క్లాసు పేరు రాస్తే సరి. మంచి దారిని ఆప్షన్ చేసి, చిక్కుల దారిని డిఫాల్ట్‌గా ఉంచడమే నాకున్న ఫిర్యాదు.

సీఎక్స్‌ఎఫ్‌లో ఇంటర్‌ఫేస్ అడక్కుండానే వస్తుంది. మేవెన్ ప్లగిన్‌తో నడిపితే పుట్టిన కోడ్ అంతా టార్గెట్ ఫోల్డర్‌లోకి పోతుంది. క్లీన్ కొడితే మొత్తం తుడిచిపెట్టుకుపోయే చోటది కాబట్టి అక్కడ చెయ్యి పెట్టాలని ఎవరికీ అనిపించదు. మన క్లాసు సోర్స్ ఫోల్డర్‌లో విడిగా ఉంటుంది. డబ్ల్యూఎస్‌డీఎల్‌లో కొత్త ఆపరేషన్ చేరితే మన క్లాసు కంపైల్ కాకుండా ఆగిపోతుంది; ఏ మెథడ్ రాయలేదో కంపైలరే చెబుతుంది. ఇంతకంటే మంచి హెచ్చరిక ఏముంటుంది? గిట్‌లో డబ్ల్యూఎస్‌డీఎల్ ఒక్కటి ఉంటే చాలు, పుట్టిన కోడ్ అక్కర్లేదు.

సర్వర్ మీద పెట్టే పనిలో యాక్సిస్2ది ఒకప్పుడు అందమైన ఆలోచన. సర్వీస్‌ను ఏఏఆర్ ఫైలుగా కట్టి వెబ్‌-ఇన్ఫ్ కింది సర్వీసెస్ ఫోల్డర్‌లో వేస్తే టామ్‌క్యాట్‌ను ఆపకుండానే అందుకుంటుంది. సర్వర్ అంటే ఏళ్ళ తరబడి ఆపకుండా నడపాల్సిన పెద్ద యంత్రమైన రోజుల్లో దానికి ఎంతో విలువ. ఇవాళ అప్లికేషన్‌ను కంటెయినర్‌లో కట్టి పాతది ఆపి కొత్తది లేపుతున్నాం, ఆ సౌకర్యం అక్కరకు రావడం లేదు. సీఎక్స్‌ఎఫ్ సర్వీస్ మామూలు వార్ ఫైలులోనో స్ప్రింగ్ బూట్ జార్‌లోనో ఇమిడిపోతుంది.

అయితే సీఎక్స్‌ఎఫ్ క్లయింట్‌లో ఒక ఉచ్చు ఉంది. లొకేషన్ విడిగా చెప్పకపోతే, కోడ్ పుట్టించిన మెషిన్‌లో డబ్ల్యూఎస్‌డీఎల్ ఉన్న పూర్తి పాత్‌ను సర్వీస్ క్లాసులో రాసేస్తుంది. ల్యాప్‌టాప్ మీద అంతా బాగానే నడుస్తుంది. సర్వర్ మీదికి పోగానే ఆ ఫైలు దొరకడం లేదని లాగ్‌లో కనిపిస్తుంది. క్లాస్‌పాత్ లొకేషన్ ఇవ్వడం మొదటిరోజే చేయాలి. యాక్సిస్2 స్టబ్‌కు నడిచేటప్పుడు డబ్ల్యూఎస్‌డీఎల్‌తో పనే లేదు.

పుట్టిన కోడ్‌ను విడిగా ఉంచడం వల్ల లాభం జావా మారినప్పుడూ తెలుస్తుంది. 2018లో జావా 11 జేడీకే నుంచి జాక్స్-డబ్ల్యూఎస్‌నూ, దాని కోడ్ పుట్టించే టూల్ డబ్ల్యూఎస్ఇంపోర్ట్‌నూ తీసేసింది. 2020లో జకార్తా ఈఈ 9 వచ్చి ప్యాకేజీల మొదట్లో ఉన్న జావాఎక్స్ పేరును జకార్తాగా మార్చింది. టార్గెట్ ఫోల్డర్‌లో కోడ్ పుట్టించుకున్న సీఎక్స్‌ఎఫ్ ప్రాజెక్టుల్లో జావా 17కు మారి, ప్లగిన్‌ను 4.0కు పెంచితే పుట్టే కోడ్‌లో ఇంపోర్ట్‌లన్నీ వాటంతటవే మారతాయి. మన సొంత క్లాసుల్లోవి మార్చుకోవడమే మిగులుతుంది. పుట్టిన కోడ్‌ను సోర్స్‌లోకి తెచ్చుకుని మధ్యలో సవరణలు చేసినవాళ్ళు మాత్రం ఏది టూల్ రాసిందో, ఏది తాము రాసిందో తేల్చుకుంటూ ఫైలు ఫైలూ తిరగాలి.

నడుస్తున్న యాక్సిస్2 సర్వీస్‌లను పీకేసి సీఎక్స్‌ఎఫ్‌లో తిరిగి రాయమని నేను చెప్పను. స్కెలిటన్‌లో రాసిన లాజిక్‌ను ఈ వారమే ఒక సొంత క్లాసులోకి తరలించి, ఎస్‌ఎస్‌ఐతో మళ్ళీ కోడ్ పుట్టించుకోండి. మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించొచ్చు.