నొప్పిని చదవని చదువు

హిలరీ మాంటెల్ అనగానే 2009లోనూ 2012లోనూ బుకర్ తెచ్చిన చారిత్రక నవలలే అందరికీ గుర్తొస్తాయి. నేను మాత్రం 2003లో వచ్చిన ఆమె ఆత్మకథ ‘గివింగ్ అప్ ది ఘోస్ట్’ దగ్గరే ఆగిపోతాను. నొప్పి గురించి రాసినందుకు కాదు, ఆ నొప్పిని డాక్టర్లు ఎలా చదివారో రాసినందుకు.

ఇంగ్లండులో లా చదువుతున్న రోజుల్లో ఆమె ఒళ్లు నొప్పులని వెళితే మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన కనిపెట్టిన రోగం, చదువుకునే ఆడపిల్లకి ఆశలు ఎక్కువవడం! రాయొద్దని కూడా చెప్పాడు. ఇచ్చిన మందులు ఆమెని నిజంగానే పిచ్చి అంచుకి తోశాయి. చివరికి బోట్స్వానాలో ఉండగా వైద్యగ్రంథం తిరగేసి తన జబ్బు పేరు తానే కనుక్కుంది: ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట పెరగడం. 27 ఏళ్లకే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అయినా జబ్బు తిరిగొచ్చింది. ఇదంతా మాంటెల్ ఏడుస్తూ చెప్పదు, ఎద్దేవా చేస్తూ చెబుతుంది. ఒంటిని వదిలేసి స్వభావాన్ని పరీక్షించే వైద్యానికి ఆ గొంతే సరైనది.

మన దగ్గర స్వభావం దాకా కూడా పోరు. నాకు పదిహేనో ఏట మొదలైన నొప్పికి పేరు పెట్టింది ముప్పై నాలుగో ఏట, లాపరోస్కోపీ చేశాక. ఆ మధ్యలో విన్నవి మీకూ తెలిసినవే. ‘పెళ్లయితే సర్దుకుంటుంది.’ తర్వాత, ‘ఒక కాన్పయితే పోతుంది.’ ఆ తర్వాత, ‘ఇంక దాంతో పనేముంది, తీయించేసుకో.’ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. కారణాలు అనేకం కావచ్చు. కానీ సంచి బయట పెరిగే జబ్బుకి సంచి తీసెయ్యడమే మందని చెప్పే డాక్టరు ఏం చదివినట్టు?

మాంటెల్‌ని చదివాక మన సాహిత్యాన్ని కూడా అదే ప్రశ్న అడగాలనిపిస్తుంది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ పురిటినొప్పిని కవిత్వంలోకి తెచ్చింది. ఆ నొప్పికి అవతల బిడ్డ ఉంటుంది, కాబట్టి లోకం దాన్ని కనీసం నొప్పిగా ఒప్పుకుంటుంది. బిడ్డనివ్వని నొప్పి, ఒక్కోసారి బిడ్డ కలగకుండా అడ్డుపడే నొప్పి, నెలనెలా వచ్చి ఆఫీసులో అబద్ధం చెప్పించే నొప్పి మాటేమిటి? దాన్ని కేంద్రం చేసుకున్న తెలుగు కథ నాకింకా ఎదురుపడలేదు. ‘ఆమెకి ఒంట్లో బాగాలేదు’ అని ఒక్క వాక్యంలో దాటేసినవే నేను చదివినవన్నీ.