హింజ్ దగ్గర వదిలిన జాగా

ల్యాప్‌టాప్ మూతను కాస్త వెనక్కి వంచితే తెర వణుకుతుంది, ముందుకు లాగితే కుదురుకుంటుంది. కొన్నాళ్లకు గులాబీ రంగు గీతలు మొదలవుతాయి. ఆ తర్వాత ఏదో ఒక్క కోణంలో తప్ప బొమ్మే రాదు. ఇంత స్పష్టమైన లక్షణం విన్నాక కూడా ‘స్క్రీన్ పోయింది, మార్చాలి’ అనేసే దుకాణాలకు కొదవ లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో, చేయి తిరిగిన పనివాడి దగ్గరికి వెళ్లి చూడండి. ముందుగా స్క్రూడ్రైవర్ ముట్టడు. మూతను మెల్లగా ఆడిస్తూ తెరవైపే చూస్తుంటాడు. తర్వాత బయటి మానిటర్ తగిలిస్తాడు. అందులో బొమ్మ శుభ్రంగా వస్తే గ్రాఫిక్స్ చిప్ మీద అనుమానం చాలావరకు తీరినట్టే. డెల్ ల్యాప్‌టాప్ అయితే ‘డి’ మీట నొక్కిపట్టి ఆన్ చేస్తాడు. అప్పుడు ప్యానెల్ తనకు తానుగా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చూపిస్తుంది. ఆ రంగులు నిలకడగా ఉండి, మామూలు బొమ్మ మాత్రం చెదురుతుంటే, మదర్‌బోర్డు నుంచి ప్యానెల్‌కు వెళ్లే డిస్‌ప్లే కేబుల్‌నే ముందు చూడాలి.

ఆ కేబుల్ ఏం మోస్తుందో తెలిస్తే ఈ పని మీద గౌరవం పెరుగుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 చుక్కలుంటాయి. ప్రతి చుక్క రంగూ సెకనుకు 60 సార్లు ఆ సన్నటి తీగల్లోంచే వెళ్లాలి. బొమ్మ సంకేతాలు పంపడానికి పాత యంత్రాల్లో ఎల్‌వీడీఎస్ అనే పద్ధతి ఉండేది, ఇప్పుడు ఈడీపీ వచ్చింది. ఇప్పటి ప్యానెళ్లలో తరచుగా కనిపించే 30 పిన్నుల కనెక్టర్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు. బ్యాక్‌లైట్‌కు కావలసిన కరెంటు కూడా అందులోంచే పోతుంది. బొమ్మను మోసే పిన్నుల్లో ఉండేది వోల్టులో కొద్ది భాగమే, బ్యాక్‌లైట్ పిన్నుల్లో మాత్రం పన్నెండు వోల్టులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అందుకే పనివాడు ఛార్జర్ పీకేసి ఊరుకోడు. వెనక మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ నొక్కిపట్టి మిగిలిన కరెంటును కూడా వదిలిస్తాడు. ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోయి, కేబుల్ తప్పు సరిచేయబోయి మదర్‌బోర్డులో ఫ్యూజు కాల్చిన వాళ్లున్నారు.

ప్యానెల్ వెనక కనెక్టర్ మీద పారదర్శకమైన టేపు, దాని కింద సన్నని లోహపు లాక్ ఉంటాయి. టేపు చివరను ట్వీజర్‌తో లేపి, ఆదరాబాదరా లేకుండా ఒలుస్తాడు. లాక్ పైకెత్తి, కనెక్టర్‌ను ప్యానెల్‌కు సమాంతరంగా వెనక్కి జరుపుతాడు. తెలియనివాళ్లు దాన్ని పైకి పీకుతారు, సాకెట్టే బోర్డు నుంచి లేచి వస్తుంది. భూతద్దం కింద పిన్నులన్నీ చూస్తాడు: వంగిందా, నల్లబడిందా, కాలిన జాడ ఉందా? సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన యంత్రమైతే ఉప్పుగాలి పట్టిందేమోనని మరీ శ్రద్ధగా చూడాలి. మెత్తటి బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, పూర్తిగా ఆరనిస్తాడు. తిరిగి ఎక్కించేటప్పుడు రెండు అంచులూ ఒకేసారి లోపలికి పోవాలి. ఒకవైపు వెంట్రుకవాసి వెనకబడినా ఆ చివరి పిన్నులు సరిగా తగలవు. చూడ్డానికి మాత్రం అంతా బాగానే కూర్చున్నట్టు ఉంటుంది.

ఇక్కడితో బొమ్మ వచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా. నా దృష్టిలో అసలు పనితనం ఇక్కడి నుంచే మొదలవుతుంది. కనెక్టర్ ఊరికే వదులవదు. హింజ్ దగ్గర కేబుల్ బిగుతుగా ఉంటే, మూత తెరిచిన ప్రతిసారీ అది కనెక్టర్‌ను పిసరంత లాగుతూనే ఉంటుంది. అందుకే పనివాడు కేబుల్‌ను దాని కొక్కేల్లో మళ్లీ మొదటి నుంచీ పరుస్తాడు. హింజ్ చుట్టూ తిరిగేచోట కాస్త వదులు ఉంచుతాడు. మరీ ఎక్కువ వదిలితే మూత మూసినప్పుడు మధ్యలో పడి నలుగుతుంది, తక్కువైతే మళ్లీ లాగుతుంది. ఆ కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు, మూతను తెరుస్తూ మూస్తూ వేలితో తడిమి తెలుసుకోవాల్సిందే. ఈ జాగా విలువ పెద్ద కంపెనీలకూ అనుభవం మీదే తెలిసింది. 2016లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో మూత తెరిచినప్పుడల్లా కేబుల్ ఒరిసి అరిగిపోయేది. 2018 మోడల్‌ను విప్పి చూసిన ఐఫిక్సిట్ అనే మరమ్మతుల సంస్థ వాళ్లకు అందులో కేబుల్ 2 మిల్లీమీటర్లు పొడవుగా కనిపించింది. 2016 నాటి 13 అంగుళాల మోడల్‌కు 2019 మేలో ఆపిల్ ఉచిత మరమ్మతు ప్రకటించింది. కర్మాగారంలో 2 మిల్లీమీటర్లు తగ్గితే ఇంత నడిచింది! సీటీసీ బల్ల ముందు కూర్చున్న మనిషి ఆ పాటి తేడాను వేలికొనతో పసిగడుతున్నాడంటే నాకు అబ్బురమే.

కేబుల్ కుదిరాక నల్లటి గుడ్డ టేపు అతికించి, హింజ్ స్క్రూలు కూడా వదులయ్యాయేమో చూసి బిగిస్తాడు. వెనక మూత పెట్టకముందే యంత్రం ఆన్ చేసి, తెర మీద పూర్తి తెలుపు పెట్టి, మూతను ఈ చివరి నుంచి ఆ చివరికి పదేపదే తిప్పుతాడు. ఎక్కడా రెప్పపాటు వణుకు లేకపోతేనే మిగిలిన స్క్రూలు. పొట్టివి పొట్టి కన్నాల్లో, పొడుగువి పొడుగు కన్నాల్లో, తీసిన వరుసలోనే వెళ్తాయి. యంత్రం చేతికిస్తూ చెప్పే మాట ఒకటుంది: ‘‘మూలన పట్టి లేపకండి సార్, హింజ్ మెలిపడుతుంది. నడిమిట్ల పట్టి తెరవండి.’’