అన్నీ కలిపే అన్నారు!

పోయిన వేసవిలో మా అమ్మాయీ అల్లుడూ నన్ను ఏడు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్లారు. ఫ్లారిడాలో ఎక్కించి, కరేబియన్ దీవులు నాలుగు చూపించి, మళ్లీ ఫ్లారిడాలోనే దింపారు. ఆ ఓడ కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి!

తీరిగ్గా చదువుకోమని మా అమ్మాయి ఒక పుస్తకం చేతిలో పెట్టింది. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ అనే అమెరికన్ రచయిత వ్యాసాల సంపుటి. అందులో దాదాపు వంద పేజీల వ్యాసం ఒకటి అచ్చంగా ఇలాంటి ఓడ గురించే. హార్పర్స్ పత్రికవారు తమ ఖర్చుతో 1995 మార్చిలో ఆయన్ని కరేబియన్‌కి పంపారు. 1996 జనవరిలో వ్యాసం పత్రికలో వచ్చింది, 1997లో పుస్తకంలో చేరింది. రచయిత 2008లో పోయాడు.

ఆయనెక్కిన ఓడ పేరు జెనిత్. అంటే నడినెత్తిన ఉండే ఆకాశం. ఈయన దాన్ని నాడిర్ అని మార్చేశాడు. అంటే సరిగ్గా దానికి ఎదురుగా, పాదాల కింద అట్టడుగు. ఆ ఒక్క కొంటెతనంతోనే ఆయన ధోరణి తెలిసిపోతుంది. సొరచేపలకి ఎర వేస్తాను, బకెట్టెడు మాంసరసం ఇప్పించండి అని అడిగి భోజనశాల పెద్దకి కోపం తెప్పించిన ఘట్టం దగ్గర, డెక్కు మీద ఒక్కదాన్నే కూర్చుని పైకే నవ్వేశాను. పక్క కుర్చీలో దొరసాని అదోలా చూసింది.

ఆయన వాదన ఏమిటంటే, మనందరిలోనూ 'నాకు కావాలి' అని ఏడ్చే చంటిపిల్ల ఒకతె ఉంది. ఈ ఓడలవాళ్లు ఆ పిల్ల ఏడుపు పూర్తిగా మాన్పిస్తామంటారు. అది జరిగే పని కాదు. ఎంత పెడితే అంత పేచీ. ఇన్ని కబుర్లు చెప్పిన ఆయనకే, రేవులో పక్కన ఆగిన మరో ఓడని చూసేసరికి అసూయ పుట్టిందిట!

చంటిపిల్ల అన్న మాట దగ్గరే నేను ఆయనతో పేచీ పెట్టుకుంటాను. ఆయన ఒంటరిగా వెళ్లాడు. రేపటికి పప్పు నానబోశానా, పాలు తోడేశానా అని ఆలోచించే ప్రాణం కాదు. నేను నలభై రెండేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని. మొదటి రాత్రి పెద్ద భోజనశాలలో తెల్లటి గుడ్డ పరిచిన బల్ల దగ్గర కుర్చీ లాగి కూర్చోబెట్టి, మెనూ చేతికిచ్చి, 'మీకేం కావాలి?' అని ఒక కుర్రాడు వినయంగా నిలబడితే నాకు నోట మాట రాలేదు. ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది నేను కదా! శాకాహారినని తెలిశాక మర్నాటి నుంచి అడక్కుండానే పప్పూ కూరా తెచ్చి పెట్టాడు. వాలెస్‌గారికి ఇది పసితనంలా కనిపించింది. నాకు మాత్రం పెద్దరికం ఇచ్చినట్టనిపించింది. వంట చేసినవాళ్లకీ చెయ్యనివాళ్లకీ ఒకే భోజనం ఒకేలా రుచిస్తుందా? మీరే చెప్పండి.

మూడో రోజు మధ్యాహ్నం మా అమ్మాయి, "రాత్రికి ఇటాలియన్ హోటల్లో బల్ల చెప్పామమ్మా" అంది. ఓడలోనే ఇంకో హోటలు. తలకి యాభై డాలర్ల పైచిలుకు, ఆపైన సర్వీసు రుసుము. "టిక్కెట్టులో భోజనం అన్నీ కలిపే అన్నారుగా!" అన్నాను. "కలిపిన భోజనం వేరు, ఇది వేరు" అంది. వెళ్లి అద్దాల తలుపులోంచి తొంగిచూశాను. అంతవరకూ నాకు మహారాజ వైభవంలా కనిపించిన పెద్ద హాలు కాస్తా ఆ క్షణంలో సత్రం భోజనమైపోయింది. ఇక్కడ మాత్రం వాలెస్‌గారికి దణ్ణం పెట్టాల్సిందే. ఆయన కాలంలో అసూయ పడడానికి పక్క ఓడ కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ పక్క ఓడని మన ఓడలోకే తెచ్చి పెట్టి, అద్దం తలుపు బిగించారు.

విడి హోటలు కొత్త సంగతేం కాదు. 1912లో టైటానిక్‌లో మొదటి తరగతివారికి లుయీజీ గట్టి అనే ఇటాలియన్ నడిపే హోటలుండేది. డబ్బు వేరే. కానీ ప్రయాణమంతా అక్కడే తినేవారికి టిక్కెట్టులో కొంత తగ్గించేవారు. తినని భోజనానికి డబ్బెందుకు పుచ్చుకోవడం అన్న లెక్క వాళ్లకుండేది. మేం పెద్ద హాల్లో తినకుండా మానేసిన రాత్రికి దమ్మిడీ వెనక్కి రాలేదు.

కబురుకీ అంతే. టైటానిక్ నుంచి వైర్‌లెస్ టెలిగ్రాము ఇవ్వాలంటే పది మాటలకి 12 షిల్లింగుల 6 పెన్నీలు, ఆపైన మాటకి 9 పెన్నీలు. ఏప్రిల్ 14 రాత్రి ప్రయాణికుల టెలిగ్రాముల హడావిడిలో ఉన్న ఆపరేటరు, దగ్గర్లో ఉన్న మరో ఓడ మంచు సంగతి చెప్పబోతే 'నోరు మూసుకో, పనిలో ఉన్నాను' అన్నాడు. డబ్బిచ్చి పంపే కబుర్లు అంత పేరుకుపోయాయి మరి.

ఇదివరకు ఓడల ఇంటర్నెట్టు ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల మీద ఆధారపడేది. నత్తనడక. 2022 నుంచి పెద్ద కంపెనీలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు వాడుతున్నాయి. ఇప్పుడు బొమ్మా గొంతూ చక్కగా అందుతాయి. లెక్క మాత్రం ఒక్కో ఫోనుకి, ఒక్కో రోజుకి.

మా అల్లుడు ఆఫీసు పని కోసం తన ఫోను ఒక్కదానికే కట్టాడు. మావారేమో రాజమండ్రిలో ఒక్కరే ఉన్నారు. నిరుడు గుండెకి స్టెంటు వేశారు, అంతదూరం విమానం వద్దన్నారు. అమెరికాలో ఉన్న నెల్లాళ్లూ రోజూ నా సాయంత్రం, ఆయన తెల్లవారుజామున మాట్లాడుకునేవాళ్లం. ఓడెక్కాక మూడు రోజులుగా లేదు. అల్లుణ్ణి ఫోను ఒకసారి ఇమ్మని అడగడానికి మొహమాటం. ఆ అద్దాల తలుపు దగ్గర మొహమాటం వదిలేశాను. "నేను పెద్ద హాల్లోనే తింటాను. నా యాభై డాలర్లూ నా ఫోనుకి కట్టు బాబూ" అన్నాను. "అయ్యో, ముందే చెప్పకపోయారా అత్తయ్యగారూ!" అని పాపం నొచ్చుకున్నాడు.

ఏడున్నరకి డెక్కు మీదికెళ్లి ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజాము అయిదు. మొదటి గంటకే ఎత్తారు.

"ఓడలో ఫోను పనిచెయ్యదన్నారుగా?" అన్నారు.

"పనిచేస్తుంది. డబ్బు కడితే."

"ఎంత?"

ఎంతో చెప్పలేదు. మాత్ర వేసుకున్నారా అని అడిగాను.