తలుపు పక్కన కూర్చోబెట్టిన నల్లవాడు

గూఢచారి కథల్లో రెండు విధేయతల మధ్య నలగడం మామూలుగా తెల్లవాళ్ల బాధ. దేశమా, మిత్రుడా అని కొట్టుకులాడతారు. రాజ్యం నమ్మినవాడికే ఆ బాధ. అసలెన్నడూ నమ్మని రాజ్యానికి ఎవడైనా ద్రోహం ఎట్లా చేస్తాడు? శామ్ గ్రీన్లీ నవల 'ద స్పూక్ హూ శాట్ బై ద డోర్' అడిగేది ఇదే. 1969లో లండన్‌లో అచ్చయింది. 1973లో ఐవాన్ డిక్సన్ తీసిన సినిమా కొద్ది వారాలకే థియేటర్లలోంచి మాయమైంది. 'స్పూక్' అంటే గూఢచారి; నల్లవాణ్ణి తిట్టే మాట కూడా.

నల్లవాళ్ల ఓట్ల కోసం ఒక తెల్ల సెనేటరు సిఐఏలో నల్లవాళ్లేరీ అని అల్లరి చేస్తాడు. వచ్చినవాళ్లలో డాన్ ఫ్రీమన్ ఒక్కడే శిక్షణలో నెగ్గుతాడు. ఇచ్చిన ఉద్యోగమేమిటి? కాపీలు తీసే విభాగానికి అధిపతి! ఎవరైనా చూడ్డానికొస్తే చూపించుకోను ఒక నల్ల ముఖం. రోస్టరు పాయింటు మీద వచ్చినవాణ్ణి మన ఆఫీసుల్లో ఏ సీట్లో కూర్చోబెడతారో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఐదేళ్లు తలొంచుకుని పనిచేసి, నేర్చిందంతా షికాగోలో కోబ్రాస్ అనే కుర్రాళ్ల ముఠాకి నేర్పుతాడు ఫ్రీమన్.

అందులో ఒక పాఠం దగ్గర ఆగాలి. చేతిలో చీపురో ట్రేనో ఉన్న నల్లవాడు ఎక్కడికైనా పోవచ్చు, ఎవడూ పట్టించుకోడు అంటాడు. పీష్వాల పూనాలో అంటరానివాళ్లు నడుముకి చీపురు కట్టుకుని నడవాల్సొచ్చిందని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశారు. అక్కడి చీపురు మనిషిని కనపడకుండా చేస్తే, ఇక్కడిది దూరం నుంచే చాటి చెప్పింది. ఈనాటికీ చీపురు పట్టినవాడు గేటు దాటగలడేమోగానీ ఎన్నో ఇళ్లలో వంటింటి గడప దాటలేడు. బ్లాక్ పాంథర్ల పేరు చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది నిజమే. అయితే ఎత్తుగడలు కూడా అరువు తెచ్చుకోవచ్చుననేవాళ్లు ఈ తేడా చూడాలి.

నా దృష్టిలో నిజంగా రెండుగా చీలినవాడు ఫ్రీమన్ కాదు, అతని పాత మిత్రుడు డాసన్. నల్లవాడు, పోలీసు. లోపలుండి మంచి చెయ్యొచ్చని నమ్మి యూనిఫాం తొడిగినవాడు. ఫ్రీమన్ చేతిలోనే చస్తాడు. ఆ చావుని గ్రీన్లీ తొందరగా దాటేశాడు. వాడలోంచి వెళ్లి కానిస్టేబులైన మన తమ్ముడు, రేపు ఆ వాడ మీదికే లాఠీ పట్టుకుని రావలసినవాడు, డాసన్‌లో ఉన్నాడు. వాడి మాట మనకి వినపడదు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. అనుమానాన్ని పోలీసు చెవిన వేసేది పాత ప్రియురాలు జాయ్. ముందుగా హెచ్చరించేది, డహోమీ రాణి అని ఫ్రీమన్ పిలుచుకునే వేశ్య. ఒకామె పట్టిస్తుంది, ఒకామె కాపాడుతుంది. శిక్షణ మాత్రం కుర్రాళ్లకే.