చెరువు కరపత్రం, అక్వేరియం కరపత్రం

కృష్ణా డెల్టాలో చేపల పెంపకం మీద రెండు రకాల కరపత్రాలు జనం చేతికి వస్తుంటాయి. మొదటిది మీకు బాగా తెలిసిందే. మత్స్యశాఖ వాళ్లు పంచేది, విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉన్న మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సిఫా శాస్త్రవేత్తలు రాసేది, మేత కంపెనీల వాళ్లు తమ బస్తా బొమ్మ వేసుకుని అచ్చు వేయించేది. కైకలూరు, ముదినేపల్లి, మండవల్లి వైపు గట్టు మీది కాపలా పాకలో చూరుకు దోపి కనిపిస్తుంది. రెండోది అక్వేరియం షాపులో చేపల కవరుతో పాటు చేతిలో పెట్టేది. ఇప్పుడు బెజవాడలోనే కాదు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం ఇళ్లలోనూ టీవీ పక్కన గాజు తొట్టెలు కనిపిస్తున్నాయి. ఈ రెండో కాగితం ఎలా ఉండాలి అన్నదానికి జవాబు చాలావరకు మొదటి కాగితంలోనే ఉందని నా అభిప్రాయం. అలాగని మొదటిది లోపం లేనిదేమీ కాదు.

చెరువు కరపత్రం చూడ్డానికి బాగుండదు. పల్చటి కాగితం, ఇరుకు అక్షరాలు, ‘చల్లవలెను’, ‘పరీక్షించుకొనవలెను’ అనే సర్కారీ వ్యాకరణం. కానీ దాని నిండా అంకెలుంటాయి. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, మేత చేప బరువులో 2, 3 శాతం. రాసినవాడు రైతుకు లెక్క వచ్చని నమ్మాడు. ఆ నమ్మకమే ఆ కాగితానికి గౌరవం తెచ్చింది.

అక్వేరియం కరపత్రం తీరు వేరు. నున్నటి ఆర్ట్ పేపరు, నాలుగు రంగులు, తోక విప్పుకున్న గోల్డ్ ఫిష్ ఫొటో, ఇంటికి కళ, మనసుకు ప్రశాంతత అంటూ రెండు వాక్యాలు, కింద ఫోన్ నంబరు. అంకె ఏదైనా ఉందంటే అది వాస్తు అంకె: బంగారు రంగువి ఎనిమిది, నల్లది ఒకటి, వెరసి తొమ్మిది. ఆ తొమ్మిదీ ఎంత తొట్టిలో అన్న మాట మాత్రం ఉండదు. వాస్తు సంగతి నాకు తెలియదు గానీ, రెండడుగుల తొట్టిలో తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు వేస్తే అదృష్టం కన్నా ముందు నీళ్ల కంపు వస్తుంది.

ఎకరం చెరువులో ఐదడుగుల లోతు నీళ్లుంటే దాదాపు 62 లక్షల లీటర్లు. నర్సరీలో పెంచిన జీరో సైజు చేప పిల్లల్ని ఎకరానికి 2,000 నుంచి 3,000 దాకా వదిలితే ఒక్కో చేప వాటాకు 2,000 లీటర్ల పైనే వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి అంచుల దాకా నింపినా 56 లీటర్లే. అడుగున రాళ్లు, పైన రెండంగుళాల ఖాళీ తీసేస్తే 45. తొమ్మిది చేపలకు తలా ఐదు లీటర్లు. చెరువుకు ఎండ ఉంది, గాలి ఉంది, నాచు ఉంది, బురద ఉంది. తొట్టికి ఉన్నది కరెంటు తీగ ఒక్కటే. షాపు కరపత్రంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది ఫొటో కాదు, లీటర్లు. అచ్చులో ఖాళీ గీత వదిలేసి, కొన్నవాళ్ల తొట్టి కొలత అడిగి షాపాయన పెన్నుతో నింపితే ఇంకా మేలు.

ఇంత తేడా ఉన్నా రెండు పెంపకాలకూ మొదటి అడుగు ఒకటే. హేచరీ నుంచి పిల్లలు పాలిథిన్ సంచుల్లో, మూడొంతుల్లో ఒక వంతు నీళ్లు, పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండుతో చెరువు దగ్గరికి వస్తాయి. రైతు సంచి విప్పి గభాలున పొయ్యడు. సంచిని అలాగే నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ సమానం అయ్యాక, చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి పట్టి, పిల్లలు తమంతట తామే ఈదుకుంటూ బయటికి పోయేలా వంచుతాడు. షాపు నుంచి ఇంటికి వచ్చే కవరూ అచ్చం అలాంటిదే, కాకపోతే చిన్నది. దానికీ అదే మర్యాద కావాలి: పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వడం, తొట్టి నీళ్లు కలపడం, చేపను మాత్రం చిన్న వలతో తీసి వదిలి కవరులో నీళ్లు బయట పారబోయడం. ఆ పారబోయడం ఒక్కటే చెరువుకు లేని జాగ్రత్త. కవరు చేత్తో పట్టుకుని, పిల్లలు చుట్టూ మూగి తొందరపెడుతుంటే మనిషి కరపత్రం చదివేది సరిగ్గా ఆ నిమిషంలోనే. వాక్యాల వరుస కూడా ఆ నిమిషంతోనే మొదలవ్వాలి. షాపు చరిత్ర వెనక పేజీలో ఉన్నా నష్టం లేదు.

నీటి తయారీ దగ్గర దారులు మళ్లీ విడిపోతాయి. చెరువును ఎండగట్టి, సున్నం చల్లి, పేడ వేసి, నీళ్లు పెట్టి, రంగు తిరిగే దాకా రైతు ఓపిక పడతాడు. కాగా అక్వేరియం కొనేవాళ్లు తొట్టి, రాళ్లు, ఫిల్టర్, చేపలు అన్నీ ఒకే ఆటోలో ఒకే సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటారు. చేప విసర్జించిన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ ముక్క చాలా కరపత్రాల్లో ఉండదు. ఉంటే ఆ పూట చేపలు అమ్ముడుపోవు మరి. రైతుకు నీళ్లు పచ్చబడితే ధైర్యం, ఇంట్లోవాళ్లకు పచ్చబడితే దిగులు. కానీ తొట్టిలో అద్దంలా మెరిసే నీళ్లలోనే అమ్మోనియా చంపే మోతాదులో ఉండొచ్చు. కంటికి కనబడేదాన్ని నమ్మొద్దని చెప్పడంలో చెరువు కరపత్రం దిట్ట. పరీక్ష కిట్టు పేరు ఎత్తకుండా దానికి పేజీ తిరగదు.

కుళాయి నీళ్ల గురించి చెరువు కరపత్రానికి చెప్పాల్సిన పనే లేదు. అక్వేరియం కరపత్రం మాత్రం చెప్పి తీరాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వాటిని వెడల్పాటి టబ్బులో ఒక రోజు ఉంచాలి, లేదా షాపులో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. బోరు నీళ్లయితే క్లోరిన్ బెడద లేదు గానీ, తరచూ గట్టి నీళ్లు. గప్పీలు, మోలీలు వాటికి సర్దుకుంటాయి, నియాన్ టెట్రాలు సర్దుకోవు. ఎండ సంగతీ అంతే. ఎక్కడి చలి దేశాల పుస్తకం నుంచో దించుకున్న కరపత్రం హీటరు కొనమంటుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే బెజవాడలో ఆ సలహా ఎవరికి? నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుందని, మబ్బు పట్టిన రాత్రి గడిచాక తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని చెరువు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు పోయిన వేసవి రాత్రి తొట్టిలోనూ జరిగేది అదే. అది అక్వేరియం కరపత్రంలో రాసి లేదు.

మేత విషయంలో నాకు డెల్టా పద్ధతి మీద ప్రత్యేకమైన ప్రేమ. తవుడు, చెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన గెడలకు వరుసగా కడతారు. చేపలు చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. తర్వాత సంచి ఎత్తి చూస్తే ఎంత తిన్నాయో, ఎంత మిగిల్చాయో తెలిసిపోతుంది. మర్నాటి లెక్క దాన్నిబట్టే. గాజు తొట్టికి అలాంటి సంచి లేదు, డబ్బా మూత ఉంది, పక్కన ఐదేళ్ల పిల్ల ఉంది. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, పిల్ల మూడుసార్లు వేస్తే చేప ఐదుసార్లూ పైకి వచ్చి అడుగుతుంది. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి, మిగిలితే తీసేయండి అన్న వాక్యం ఆ పిల్లకు అర్థమయ్యేలా బొమ్మతో ఉండాలి. బొమ్మ వేయడం చెరువు కరపత్రానికి చేతకాని పని. అక్వేరియం కరపత్రానికి ఆ విద్య వచ్చు, కాకపోతే వేయాల్సిన చోట వేయదు.

ఇక చేపల చుట్టరికం. షాపులో ‘షార్క్’ అని అమ్మే వెండి రంగు వేలెడు చేప ఎవరో కాదు, మన చెరువుల్లో కిలో దాటించి లారీలకు ఎక్కించే పంగాసియస్. చిన్న పాకు చేపగా తొట్టెల్లోకి వెళ్లేది మన రూప్‌చంద్. కోయి మన బంగారు తీగ వంశమే. అరచేతిలో పట్టే చేప మీద రైతుకు కిలో ఆశ ఉంటుంది, ఇంటాయనకు అది ఎప్పటికీ అరచేతిలోనే ఉంటుందన్న భ్రమ ఉంటుంది. కొండపల్లి బొమ్మల్లో దశావతారాల సెట్టు కొన్న ఇంట్లో ఈ భ్రమ ఉండకూడదు నిజానికి. మత్స్యావతారం కథలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కమండలం చాలక, కుండ చాలక, మడుగు చాలక సముద్రం దాకా పోయింది. భాగవతం అష్టమ స్కంధంలో ఆ కథ ఉంది. ప్రతి చేప పేరు పక్కన అది పెరిగే పూర్తి పొడవు వేయడం షాపువాడికి అమ్మకం తగ్గించే పనే. అయినా వేయాలి.

జబ్బుల పేజీలో డెల్టా పాఠకుడి కోసం ప్రత్యేకంగా ఒక మాట ఉండాలి. 1990ల నుంచి తెల్లమచ్చ అంటే రొయ్యల రైతు గుండె ఆగిపోయే మాట. అది వైరస్, చెరువులకు చెరువులు తుడిచిపెట్టింది. గోల్డ్ ఫిష్ మీద ఉప్పు రవ్వల్లా కనిపించే తెల్లచుక్కలు పరాన్నజీవి పని. తొందరగా పట్టుకుంటే ఉప్పుతో, నీటి వేడి కాస్త పెంచడంతో చాలావరకు నయమవుతాయి. రొయ్యల తెల్లమచ్చ భయంతో తొట్టి మొత్తం పారబోయొద్దు. చేప పేను మాత్రం రెండు చోట్లా ఒకటే, రెండు చోట్లా కంటికి కనిపించేదే.

చెరువు కరపత్రానికి నేర్చుకోవాల్సింది లేదా అంటే ఉంది. అందులో చేపకు బరువే తప్ప బతుకు లేదు; పట్టుబడితో కథ ముగుస్తుంది. ఇంట్లో చేపకు పేరుంటుంది, బాగా చూసుకుంటే గోల్డ్ ఫిష్ పదేళ్లు దాటుతుంది, అది చచ్చిపోతే పిల్ల అన్నం మానేస్తుంది. ఆ మమకారం వల్ల అక్వేరియం కరపత్రం ‘మీరు’ అని పలకరిస్తుంది, చిన్న వాక్యాలు రాస్తుంది. ఆ పలకరింపు మత్స్యశాఖ కాగితానికీ వస్తే రైతు దాన్ని చూరులో దోపకుండా చదువుతాడు.

ఈ రెండు కాగితాలూ నిజంగా కలుసుకునే చోటు కాలువ. గాజుకు పట్టిన నాచు తింటుందని తొట్టెల్లో వేసే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అడుగు దాటి పెరుగుతుంది, ఒంటి నిండా గట్టి పలకలు, నీళ్లు తక్కువైతే గాలి మింగి బతుకుతుంది. తొట్టి చాలక, చంపడానికి చేతులు రాక, జనం దాన్ని పుణ్యానికి కాలువలో వదిలేస్తారు. ఇవాళ డెల్టా చెరువుల్లో దెయ్యం చేప అని రైతులు తిట్టుకునేది దాన్నే. ముళ్లతో వలలు చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, రైతు వేసిన మేత తింటుంది. కొండపల్లి దగ్గర కృష్ణలో వదిలితే ప్రకాశం బ్యారేజీ దాటక ముందే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు దానికి దారులు. బుడమేరులో వదిలితే మరీ నేరుగా కొల్లేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ ప్రాంతంలో ఏ నీళ్లు ఎటు పోతాయో అందరం చూశాం.

అందుకే పెంపుడు చేపల షాపుల వాళ్లకు ఒక మనవి. కరపత్రం అరపేజీకి మించనివ్వకండి, తడి చేత్తో పట్టుకున్నా చెదరని కాగితం వాడండి, ఫొటో తగ్గించి అక్షరం పెంచండి. చివరి వాక్యంగా ఇది అచ్చు వేయించండి: ‘ఈ చేపను పెంచడం మీకు కుదరకపోతే కాలువలోనూ చెరువులోనూ వదలకండి, మా షాపుకే తెచ్చి ఇవ్వండి.’ తెచ్చినప్పుడు తీసుకోండి.