కార్తీకంలోనే కొలవాలి

మే నెలలో నుయ్యి కొలిచి కరువని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. అడుగున బురద తేలితే ఎవరైనా చెబుతారు. నవంబరులో నుయ్యి నిండుగా ఉన్నప్పుడు, ఆ నీరు ఎన్నాళ్లు వస్తుందో చెప్పగలగాలి. మా విద్యకు అసలు పరీక్ష అది.

గజపతినగరం చుట్టుపక్కల నూతుల్లో నీటిమట్టం చూడటం నా ఉద్యోగంలో భాగం. పని చిన్నదే. ఉక్కు టేపు చివర సుద్ద రాసి దింపుతాం, తడి ఎక్కడిదాకా అంటిందో చూస్తాం, నూతి గట్టు ఎత్తు తీసేస్తాం. ప్రతిసారీ ఒకే చోటినుంచి కొలవాలి గనక గట్టు మీద రంగు గుర్తు ఉంటుంది. మోటారు ఆడుతుండగా కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు. అందుకే టేపు తీసేముందు రైతును అడుగుతాం, మోటారు ఎప్పుడు కట్టారని, పక్క చేలో బోరు నడుస్తోందా అని. ఇప్పుడు కొన్ని పరిశీలక బోర్లలో యంత్రాలు వాటంతటవే మట్టం నమోదు చేసి పంపుతున్నాయి. మంచిదే. కానీ పక్క రైతు ఈసారి ఏ పంట వేశాడో యంత్రం చెప్పదు.

కొలిచి లేచేసరికి రైతు అడిగే ప్రశ్న ఒకటే: "ఏటి బావూ, మొక్కజొన్న ఏసుకోమంటారా?" దానికి జవాబు నూతిలో కన్నా రాతిలో ఎక్కువ ఉంది. మన తూర్పు కనుమల ప్రాంతంలో ప్రధానమైన రాయి ఖోండలైటు. నుయ్యి తవ్వితే వచ్చే ఎర్రమట్టి చాలాచోట్ల ఆ రాయి చివికిందే. అందులో బంకపాలు ఎక్కువ. నీటిని పట్టుకుంటుంది గాని సులువుగా వదలదు. కింద గట్టిరాయిలో పగులు తగిలితేనే బోరుకు నీరు.

ఆ నేల నూటికి రెండు పాళ్ల నీరు వదులుతుందనుకుందాం. అంటే మట్టం ఒక మీటరు దిగితే మనకు దక్కేది 20 మిల్లీమీటర్ల నీరే. రబీ మొక్కజొన్నకు దాదాపు 500 మిల్లీమీటర్లు కావాలి. ఒక ఎకరా పంట తన కింది నీటితోనే పండాలంటే మట్టం 25 మీటర్లు దిగాలి. అంత లోతున్న నూతులెక్కడ? అందుకే ఆ ఎకరా చుట్టూ ఉన్న పదెకరాల నీటిని లాక్కుంటుంది. కొంత తిరిగి ఇంకినా, పదిమందీ ఒకేసారి మొక్కజొన్న వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మన జిల్లాలో ఏటా 1,100 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది, అనంతపురానికి రెట్టింపు. అయినా ఈ నేల రెక్కాడితే గాని డొక్కాడని సంసారం. ఏ ఏటి వాన ఆ ఏటికే.

నూతితోపాటు గెడ్డనూ చూడాలి. వానలు వెనకబట్టాక చంపావతిలో కలిసే గెడ్డల్లో పారేది చాలావరకు నేలలోంచి ఊరిన నీరే. తిన్నగా ఉన్నచోట పది మీటర్లు కొలిచి, పుల్ల వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూస్తాం. ఆ వేగాన్ని లోతు, వెడల్పులతో హెచ్చవేస్తాం. పైనీరు అడుగునీటికన్నా వడిగా పోతుంది గనక వచ్చినదాన్ని 0.85తో హెచ్చవేసి తగ్గిస్తాం. పైన ఆండ్ర జలాశయం ఉంది గనక నదిని చూసి మోసపోవచ్చు. అడ్డుకట్టలేని చిన్న గెడ్డ మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది. అది దీపావళికే సన్నబడితే నిండు నూతిని నమ్మకూడదు.

2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరువును అక్టోబరు 30లోగా, రబీ కరువును మార్చి 31లోగా ప్రకటించాలి. పరిహారానికి ఆ ప్రకటన అవసరమే. కానీ మార్చి ఆఖరుకు రైతు విత్తనం, ఎరువు, అప్పు అన్నీ నేలలో పెట్టేసి ఉంటాడు. ముందుచూపుకు ఆ తేదీ పనికిరాదు.

పనికొచ్చే దారి మన తెలుగు రైతులే చూపారు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం నుంచి నల్గొండ దాకా, ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల పథకం నడిచింది. రైతులే వాననూ, నీటిమట్టాన్నీ కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్క వేసుకున్నారు. ఎవరినీ ఎవరూ నిర్బంధించలేదు. లెక్క చూసి చాలామంది తక్కువ నీటి పంటలకు మళ్లారు. ఆ ఏడింటిలో మన జిల్లా లేదు. వాన బాగా పడే జిల్లా అని పేరు కదా!

ఇప్పటికైనా మనం మొదలుపెట్టవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఈ కార్తీకంలో ఊరికి నాలుగైదు నూతులు ఎంచుకుని, తెల్లవారుజామున మోటార్లు ఆడకముందు తాడుతోనైనా కొలవండి. ఆ అంకెల్ని పంచాయతీ గోడమీద రాయండి. వచ్చే కార్తీకంలో అవే నూతుల్ని, అదే చోటినుంచి మళ్లీ కొలవండి. చోడి వేయాలో మొక్కజొన్న వేయాలో ఆ గోడ ముందు నిలబడి నిర్ణయించుకోండి.