శుభలేఖ ధరలో కనిపించని పద్దులు

దుకాణంలో దొరికే సరుకుకూ, ఒక కుటుంబం కోసమే అచ్చు వేసే సరుకుకూ ధర కట్టే పద్ధతిలో మౌలికమైన తేడా ఉంది. ఈ రోజు అమ్ముడుపోని చీర రేపు మరొకరికి అమ్ముడుపోతుంది గాని, వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా పడిన శుభలేఖను ఆ పెళ్లివారు తీసుకోకపోతే అది తూకానికి వేసే చిత్తు కాగితమే అవుతుంది. చిన్న ప్రెస్సులవారు ఆర్డరు రోజునే అడ్వాన్సు అడగడానికి కారణం ఇదే. ఇంత తెలిసినవారు కూడా ధర చెప్పవలసి వచ్చేసరికి మామూలు సరుకు అమ్మేవారిలాగానే ‘కార్డుకు ఇంత’ అని చెప్పడం ఆనవాయితీ అయింది. ఈ వ్యాపారంలో వచ్చే నష్టాల్లో అధికభాగం ఆ ఒక్క మాటలోనే ఉందనిపిస్తుంది.

తెలుగు పట్టణాల్లో చాలా శుభలేఖలకు కార్డు స్థానికంగా తయారు కాదు. బొమ్మలు, అలంకారాలు ముందే వేసి, విషయం కోసం లోపల ఖాళీ వదిలిన కార్డులను టోకు వ్యాపారుల దగ్గర కొని, ఆల్బంలో నమూనాలుగా అంటించి, పెళ్లివారు ఎంచుకున్నదాని మీద అక్షరాలు మాత్రం స్థానికంగా అచ్చు వేస్తారు. హైదరాబాదు పాతబస్తీలో పెళ్లి కార్డులకు పేరుపడిన చత్తా బజార్ మొదలుకొని చిన్న మండల కేంద్రం దాకా ఖర్చుల స్వభావం ఒకటే. అవి రెండు రకాలు. ఖాళీ కార్డు, కవరు, సిరా, అచ్చు కూలి వంటివి సంఖ్యతో పాటు పెరుగుతాయి కనుక వాటిని చర ఖర్చులంటారు. విషయాన్ని కంపోజు చేయడం, ప్రూఫు చూపించి దిద్దడం, ప్లేటు గాని స్క్రీను గాని తయారుచేయడం, యంత్రం మీద అమర్చి సిరా కుదిరేదాకా కొన్ని కార్డులు పాడుచేసుకోవడం మాత్రం ఒక కార్డు వేసినా వెయ్యి వేసినా తప్పనివి. ఇవి ఆ ఆర్డరుకు స్థిర ఖర్చులు.

ఉదాహరణకు కంపోజింగుకూ ప్రూఫులకూ 1,500 రూపాయలు, స్క్రీనుకూ సెట్టింగుకూ 900 రూపాయలు, చర ఖర్చు కార్డుకు 11 రూపాయలు అనుకుంటే, 1,000 కార్డుల ఆర్డరులో ఒక్కో కార్డుకు పడే అసలు ఖర్చు 13.40 రూపాయలు, 500 కార్డులకైతే 15.80, వంద కార్డులకైతే 35 రూపాయలు. అయిదు వందల ఆర్డరును దృష్టిలో పెట్టుకుని 16 రూపాయలు చెప్పే అలవాటున్న వ్యాపారి వంద కార్డులకూ అదే ధర చెబితే, 3,500 రూపాయల పనికి 1,600 పుచ్చుకుంటాడు. దగ్గరివారికి కొద్ది కార్డులు అచ్చువేయించి మిగిలినవారికి వాట్సాప్‌లో వీడియో పంపే పద్ధతి పెరుగుతున్న ఈ రోజుల్లో చిన్న ఆర్డరు ఇక అపవాదం కాదు.

స్థిర ఖర్చుల్లోనూ అన్నిటికన్నా తక్కువగా లెక్కకు వచ్చేది అక్షరాల పని. పెళ్లివారు ఫోనులో పంపే విషయం యూనికోడ్‌లో, అంటే ఏ పరికరంలోనైనా ఒకే అక్షరంగా గుర్తింపు పొందే సంకేత పద్ధతిలో ఉంటుంది. డీటీపీ కేంద్రాల్లో చాలాకాలంగా పాతుకుపోయిన అను ఫాంట్ల సంకేతాలు వేరు. మార్పిడిలో ఒత్తులో, వట్రుసుడులో చెదిరితే వాటిని వెతికి దిద్దాలి, లేదా మొత్తం మళ్లీ టైపు చేయాలి. ఆ తర్వాత మొదలవుతుంది బంధువుల వంతు: పెదనాన్న పేరు చిన్నాన్న పేరు కింద పడిందని, మేనమామ ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టారని, తాతగారి పేరుకు ముందు ‘కీ.శే.’ మరిచారని ప్రూఫు నాలుగైదు సార్లు తిరిగివస్తుంది. ఇది పెళ్లివారి తప్పేమీ కాదు; శుభలేఖ ఒక విధంగా బంధుత్వాల వరుసను అందరి ముందు ప్రకటించే పత్రం కూడా. అయినా ఆ వరుస తేలేదాకా కంప్యూటరు ముందు కూర్చునే మనిషికి జీతం నడుస్తూనే ఉంటుంది కనుక, రెండు ప్రూఫుల వరకు ధరలో కలిపి, మూడో ప్రూఫు నుంచి విడిగా తీసుకుంటామని ఆర్డరు పుస్తకంలోనే రాయడం న్యాయం.

ముహూర్తం దగ్గర జరిగే పొరపాటు మరీ ఖరీదైనది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లిషు తేదీ అర్ధరాత్రికి మారుతుంది. అందుకే రాత్రి రెండు గంటల ముహూర్తానికి ‘శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం’ అని వేస్తారు. ఇక్కడ తేదీ తప్పితే కార్డులన్నీ మళ్లీ వేయవలసిందే. ఆఖరి ప్రూఫు మీద పెళ్లివారి సంతకం ఉంటే బాధ్యత ఎవరిదో తెలుస్తుంది గాని, సంతకం చూపించి డబ్బు రాబట్టడం పది కుటుంబాల పరిచయాలతో బతికే ప్రెస్సుకు అంత తేలిక కాదు. కాబట్టి ప్రతి ఆర్డరు ధరలోనూ ఇటువంటి పొరపాట్ల కోసం కొంత చేర్చుకోవడం వివేకం.

ఇక గంట ఖరీదు. అద్దె, జీతాలు, కరెంటు, యంత్రం వాయిదా కలిపి నెలకు 60,000 రూపాయలైతే, నెలకు 200 గంటల లెక్కన గంటకు 300 అని వేసుకోవడం పరిపాటి. అయితే గురు, శుక్ర మూఢాల్లో, అంటే ఆ గ్రహాలు ఆకాశంలో సూర్యుడి దిశకు దగ్గరగా వచ్చి కంటికి ఆననప్పుడు, పెళ్లిళ్లు ఆగుతాయి. ఆషాఢం కూడా అంతే. అద్దెకు మూఢం ఉండదు. ఏడాది సగటున డబ్బు తెచ్చే పని నెలకు 100 గంటలే ఉంటే గంట అసలు ఖరీదు 600.

లాభం శాతంలోనూ ఒక తికమక ఉంది. 15.80 రూపాయల ఖర్చు మీద 20 శాతం వేస్తే ధర 18.96 అవుతుంది, అమ్మకం ధరలో 20 శాతం మిగలాలంటే అది 19.75 కావాలి. ఈ రెండో ధర మీద బేరంలో పది శాతం తగ్గిస్తే పోయేది లాభంలో పదో వంతు కాదు, సరిగ్గా సగం.

అన్నీ సరిగా లెక్కకట్టిన ప్రెస్సులో కూడా తగువు తెచ్చే సందర్భం ఒకటుంది: కార్డులు అందుకున్న వారానికి పెళ్లివారు ఇంకో యాభై కావాలంటారు, పాత ధరకే కావాలంటారు. మొదటే అడిగి ఉంటే చర ఖర్చు ప్రకారం వాటికి పడేది 550 రూపాయలు. స్క్రీను కడిగేశాక మళ్లీ తయారుచేసి అమర్చాలంటే 900 కలిసి 1,450 అవుతుంది, అంటే కార్డుకు 29. వినేవారికి ఇది దోపిడీలా తోస్తుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూపిస్తే, ఆ యాభై కార్డులూ మొదటి విడతలోనే కలిసే అవకాశం ఎక్కువ.